దవనం పాచి

మొదట ఒక మాట. నా రాతలో ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు ఉండాల్సిన చోట ఉండవు. చదివేవాళ్ళు సర్దుకోవాలి. తల నెరిశాక పలక పట్టినదాన్ని. నీళ్ళ కింద ఆడినంత చురుగ్గా నా చేతులు కాగితం మీద ఆడవు. ఒక్కో వాక్యం రాసి, పైకి తేలి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ దిగుతాను. నాకు అక్షరాలు నేర్పింది సంధనమారి, మా బావగారి కూతురు. వాళ్ళ నానమ్మ చనిపోయిన ఐప్పసి నెల, అదే మా దీపావళి నెల గురించి రాయమన్నదీ తనే.

ఆ నానమ్మే మా అత్త, మా ఆయన తల్లి. పేరు ఇరుళాయి. పాంబన్ ఒడ్డున ఆమెను తెలియని ఆడది లేదు. పాచికి వెళ్ళే పడవలో ముందు అంచున ఆమె కూర్చోవాలి, నీళ్ళలోకి ముందు ఆమె దూకాలి, ఆ తర్వాతే మేము. చీర మీద మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కుని, వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని, నడుముకు వల సంచి కట్టుకుని ఆమె మునిగితే, పైనున్న మాకే ఊపిరి ఆడేది కాదు. మేము ఏరేది దవనం పాచి. సముద్రం అడుగున రాళ్ళను పట్టుకుని పెరుగుతుంది. రెమ్మ చూస్తే అచ్చం దవనమే, వాసన మాత్రం కాదు. బురద నీళ్ళలో కళ్ళు మూసుకున్నా ఆమె వేళ్ళకు అది తెలిసేది. లోతులకు దిగి దిగి రెండు చెవులూ పోయాయి. కుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే కొంచెం వినపడేది.

ఏరిన పాచిని ఒడ్డున ఆరబోసి వ్యాపారికి వేసేవాళ్ళం. లారీ వచ్చి మదురై వైపు తీసుకుపోయేది. అక్కడ దాన్ని ఏం చేస్తారో మాలో ఎవరికీ తెలియదు. రంగుల్లో కలుపుతారని ఒకరు, తుపాకీ మందులోకని ఒకరు, పశువుల దాణాకని ఒకరు. మా అత్తనడిగితే, "పట్నంలో మొగాళ్ళు గడ్డానికి రాసుకుంటారే. అందుకే వాళ్ళకు గడ్డం దవనంలా పెరుగుతుంది" అనేది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలు నిజమనుకుని తలూపేవాళ్ళు.

ఆమె పెద్దకొడుకు, సంధనమారి తండ్రి కాళిముత్తు చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. అప్పటికి సంధనమారి తప్పటడుగులు వేస్తోంది. తల్లి అంతకుముందే పురిట్లో పోయింది. ఆ రోజు నుంచి మా అత్త చేప ముట్టలేదు. చేపే కాదు, రొయ్య, పీత, కోడి, గుడ్డు, ప్రాణమున్నది ఏదీ. "నా బిడ్డను ఏ చేప తిన్నదో, ఆ చేపను ఏ కోడి తిన్నదో నాకేం తెలుసు" అనేది. మమ్మల్ని మానమని ఎప్పుడూ అనలేదు. మేమే చేపల పొయ్యిని ఇంట్లోంచి తీసి కంచె పక్కన పెట్టుకున్నాం. వానొస్తే ఒక చేత్తో గొడుగు పట్టుకుని పులుసు కలిపేదాన్ని.

బావగారికి కర్మ కూడా చేయనివ్వలేదు. "దేశమంతా మన రామేశ్వరం వచ్చి పోయినవాళ్ళకు నీళ్ళు వదిలి వెళ్తోంది. పక్కనే ఉండి మనం వదలకపోతే ఎట్లామ్మా" అని మా ఆయన ఉమయవేల్ ఎన్నోసార్లు అడిగాడు. "వాళ్ళు పోయినవాళ్ళకు వదులుతున్నారు. కాళి పోయాడని నీకెవరు చెప్పారు" అనేది ఆమె. చేప తిన్నదనీ ఆమే అనేది, పోలేదనీ ఆమే అనేది. ఆ రెండింటి మధ్యలోకి వెళ్ళే ధైర్యం మాకు లేదు.

దీపావళి, రంజాన్ పండగ పక్కపక్కనే వచ్చిన ఏడు అది. ఐప్పసికి ముందు వచ్చే పురట్టాసి నెల చివర్లో ఒడ్డున పాచి తిరగేస్తూ మా అత్త ఇసుకలో కూలబడింది. ఎండ దెబ్బ అనుకున్నాం. లేపితే ఎడమ చేయీ కాలూ ఆమెవి కావు. రామనాథపురం ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి ఇంటికి పంపారు. ఆమెకు గొంతు కూడా సగం చచ్చుబడిందనీ, పల్చటివి పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయనీ, గట్టివి మింగలేదనీ, మెత్తగా జారేవి చూసి పెట్టమనీ డాక్టరు చెప్పింది. నీళ్ళు కూడా గుడ్డ తడిపి పెదాలకు అద్దడమే. గంజి గొంతుకు అతుక్కునేది. అరటిపండు పిసికి పెడితే దగ్గి దగ్గి ముఖం నల్లబడేది. సముద్రంలో ఎంత సేపైనా ఊపిరి పట్టగలిగిన మనిషి, ఒక గంజి చుక్కకు ఉక్కిరిబిక్కిరయ్యేది.

సంధనమారి అప్పుడు రామేశ్వరంలో ఒక బేకరీలో కేకుల మీద పూలు వేసే పనిలో ఉండేది. ఒక సాయంత్రం చల్లటి ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని బస్సు దిగింది. మూత తీసి, ఐసు ముక్కల మధ్య నుంచి ఒక చిన్న గిన్నె తీసింది. అందులో ఎర్రగా, అద్దంలా, ముట్టుకుంటే వణికే ముద్ద.

మా అత్త దాన్ని వింతగా చూసింది. "ఒళ్ళంతా దద్దుర్లు తెప్పించే జెల్లీచేప పిల్లలా ఉందే. కుట్టదు కదా?" అంది. మాట ముద్దగా వచ్చినా వెటకారం పోలేదు.

"కుట్టదు నానమ్మా, తీపి. చక్కెరా నీళ్ళూ" అని సంధనమారి చెవిలో అరిచింది.

చెంచాతో కొంచెం నాలుక మీద పెట్టింది. మేమంతా ఆ గొంతు వైపే చూస్తున్నాం. అది జారింది. దగ్గు రాలేదు. మా అత్త కళ్ళు మూసి, తెరిచి, మళ్ళీ నోరు తెరిచింది. మా ఆయన గబుక్కున లేచి బయటికి వెళ్ళిపోయాడు, కళ్ళు తుడుచుకోవడం మాకు కనపడకూడదని.

ఆ తర్వాత రోజూ ఫ్లాస్కు వచ్చేది. ఐసు కరిగిపోతే ముద్ద కూడా నీళ్ళయిపోతుందని, బస్సు వంతెన దగ్గర ఆగినప్పుడల్లా ఆ పిల్ల డ్రైవరుతో గొడవ పడేదట. మా అత్త ముఖంలోకి కొంచెం రంగు వచ్చింది. పక్కింటివాళ్ళను పేరు పెట్టి తిట్టడం కూడా మొదలుపెట్టింది. ఇక లేచి కూర్చుంటుందనే అనుకున్నాం.

ఒకరోజు సంధనమారి ఉత్త చేతులతో వచ్చింది. లోపలికి రాకుండా కంచె పక్కన, చేపల పొయ్యి దగ్గర చతికిలబడింది. నేను పులుసు దించి, ఏమైందని అడిగాను. అప్పుడు చెప్పింది. గుడికొచ్చిన గుజరాతీ యాత్రికురాలు ఒకామె బేకరీకి వచ్చి, గాజు పెట్టెలోని ఎర్ర ముద్దలు చూపించి, ఇందులో జీవహింస ఏమైనా ఉందా అని అడిగిందట. యజమాని మంచివాడు, దాచలేదు. అమ్మా ఇది మీకు పనికిరాదు, పశువుల తోలూ ఎముకలూ ఉడకబెట్టి తీసిన పొడి వేస్తేనే ఇట్లా గడ్డకడుతుంది, కొన్ని రకాల్లో చేప తోలూ పొలుసూ కూడా ఉడకబెడతారు అన్నాడట. యాత్రికురాలు దండం పెట్టి వెళ్ళిపోయింది. సంధనమారి చేతిలో చెంచా అట్లాగే ఉండిపోయింది.

"చేప కూడానంట చిన్నమ్మా" అని మళ్ళీ అంది.

మా ఆయన వల బాగుచేసుకుంటూ అంతా విన్నాడు. "వినేశావుగా, ఇక మరిచిపో. రేపు ఎప్పట్లాగే తీసుకురా" అన్నాడు.

"ఎట్లా తెస్తాను చిన్నాన్నా?"

"ఇన్నాళ్ళూ ఎట్లా తెచ్చావో అట్లాగే. అది తింటేనే అమ్మ బతుకుతోంది. ఆమెకు తెలియదు, తెలియకపోతే పాపం లేదు. ఉంటే నాకు అంటనీ."

"ఆమె మానింది మా నాన్న కోసం. నీ కోసం కాదు, నా కోసం కాదు. దాన్ని నేనెట్లా చెడగొట్టేది?"

"మీ నాన్న నాకు అన్న. ఆమె నాకు అమ్మ. ఉన్న మనిషిని చూడు ముందు."

ఇద్దరూ నా వైపు చూశారు. ఇద్దరి మాటా నాకు సరిగ్గానే అనిపించింది. నేను లేచి గిన్నెలు తోముకోవడానికి వెళ్ళాను. సంధనమారి ఆ రోజు తిండి తినలేదు.

పొద్దున్నే మా అత్త మంచాన్ని అరుగు మీదికి లాగాం, గాలి తగులుతుందని. మా అత్త ఫ్లాస్కు కోసం వెతుక్కుంది. సంధనమారి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కుడి చెవి దగ్గర నోరు పెట్టింది. అది గట్టిగా చెప్పే మాట కాదు. కానీ మెల్లగా చెబితే మా అత్తకు వినపడదు. కాబట్టి ఆ పిల్ల అరిచే చెప్పింది. తోలు, ఎముకలు, పొలుసు. సందులో నీళ్ళు పట్టుకునేవాళ్ళు బిందెలు ఆపి నిలబడ్డారు. చెబుతూ చెబుతూ ఏడుపు వస్తే ఆ ఏడుపు కూడా అరుపులాగే వినపడింది.

మా అత్త అంతా విన్నది. "చేపదీనా" అని ఒక్కటే అడిగింది. సంధనమారి తలూపింది.

మా అత్త బాగున్న చేత్తో ఆ పిల్ల జుట్టు సరిచేసింది. నా వైపు తిరిగి, తడిగుడ్డతో నోరు తుడవమంది. నేను పెదాలు తుడిస్తే చాలదని, వేలికి గుడ్డ చుట్టి లోపలంతా తుడవమంది. పళ్ళు, చిగుళ్ళు, నాలుక. తుడిచాను. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది.

అప్పటి నుంచి తడిగుడ్డ నీళ్ళకు తప్ప ఆమె దేనికీ నోరు తెరవలేదు. గంజి పట్టుకెళ్తే అందులో ఏం కలిసిందో అన్నట్టు చూసేది. కోపం లేదు, మొండితనం లేదు. నమ్మకం పోయింది, అంతే. మా ఆయన సంధనమారితో మాట్లాడటం మానేశాడు. ఆ పిల్ల పనికి పోవడం మానేసింది. ఒకే ఇంట్లో ముగ్గురం ముగ్గురు పొరుగువాళ్ళలా తిరిగేవాళ్ళం.

పక్క సందులో మైమూన్ ఉండేది. నా కంటే పెద్దది, నేను అక్కా అని పిలిచేదాన్ని. సందంతా విన్నది ఆమె కూడా విన్నది. ఒక సాయంత్రం ఉపవాసం విడిచి, కొంగు కింద ఒక గిన్నె దాచుకుని వచ్చింది. తెల్లగా, పాలరాయి ముక్కల్లా కోసిన తీపి. వాళ్ళు రంజాన్ నెలలో రోజూ చేసుకునేదే. ఎన్నో ఏళ్ళుగా నాకు పెడుతూనే ఉంది, నేను తింటూనే ఉన్నాను, పాలకోవా లాంటిదేమో అనుకునేదాన్ని.

"నంబుతాయీ, ఇందులో ఎముక లేదే. ఇది పాచి" అంది నాతో.

"ఏ పాచి?"

"ఏ పాచేమిటి, మీరు ఏరే పాచే. దవనం పాచి. ఉడకబెట్టి వడకడితే వచ్చేది ఇదే. కొట్లో తెల్లటి పోగుల్లా ఎండబెట్టి అమ్ముతారు."

నేను గిన్నె చేతిలోకి తీసుకున్నాను. అరచేతులు కోసుకుపోయి, ఉప్పునీళ్ళకు గోళ్ళు ఊడిపోయి ఇన్నేళ్ళు పీకింది, పక్క సందులో గిన్నెలో ఉంది. మేమంతా దాన్ని తుపాకీ మందు అనుకున్నాం.

మైమూన్ ఆ సంగతే మా అత్త చెవిలో అరిచింది. మా అత్త ముక్క వాసన చూసింది. వాసనేమీ రాలేదు. "పాచి ఇట్లా ఉంటుందా" అంది. "కొట్టు పొట్లంలోదేనా?"

"కొట్లో కొన్నదే పెద్దమ్మా."

"నువ్వు అబద్ధం చెప్పవు మైమూన్. మరి ఆ కొట్టువాడికి ఎవరు చెప్పారో" అని చెంచా పక్కకు జరిపింది. నా వైపు తిరిగి, "నా చేత్తో పట్టుకుని చూసిన పాచి అయితే, నా కళ్ళ ముందు చేస్తే, అప్పుడు" అంది.

ఎట్లా చేస్తారో మైమూన్ చెప్పింది. కీళక్కరలో వాళ్ళ అత్త పచ్చి పాచితోనే చేసేదట. మంచినీళ్ళతో కడగాలి, ఎండలో పరవాలి, రాత్రి మంచులో ఉంచాలి, మళ్ళీ కడగాలి, ఎండబెట్టాలి, నల్లటిది తెల్లగా అయ్యేదాకా. తర్వాత కాస్త చింతపండు నీళ్ళు వేసి ఉడికించాలి. అప్పుడే సముద్రం వాసన పోతుంది.

మా దగ్గరున్న పాచి అంతా అప్పటికే లారీలో వెళ్ళిపోయింది. వాడగాలి, అదే వానలు తెచ్చే ఈశాన్యపు గాలి, మొదలైంది. సముద్రం బురదగా పొంగుతోంది. ఆ గాలిలో ఆడవాళ్ళెవరూ పాచికి దిగరు. నేను చొక్కా తొడుక్కుని వేళ్ళకు పీలికలు చుట్టుకుంటుంటే మా ఆయన చూశాడు. తెడ్డు తీసుకుని పడవ వైపు నడిచాడు. పాచి ఆడవాళ్ళ పని, మగాళ్ళు ఆ పడవ ఎక్కితే ఊరు నవ్వుతుంది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

రాతిగట్టు దగ్గర నా నడుముకు తాడు కట్టి కొస చేతికి చుట్టుకున్నాడు. నీళ్ళలో నా చేయి నాకే కనపడలేదు. మా అత్త చెప్పినట్టు కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతికాను. అల తోసి రాళ్ళకేసి కొడుతోంది, మోచేయి చీరుకుపోయింది. పైకి తేలినప్పుడల్లా మా ఆయన ముఖం చూసేదాన్ని. ఆయన నన్ను చూడటం లేదు. నీళ్ళను చూస్తున్నాడు. అన్నను తీసుకుపోయిన నీళ్ళు అవే. సంచి సగం నిండగానే తాడు లాగేశాడు, చాలన్నాడు.

పాచి తెచ్చి మా అత్త పొట్ట మీద పోశాను. ఆమె బాగున్న చేత్తో రెమ్మ రెమ్మా తడిమింది. అందులో ఇరుక్కున్న బుల్లి పీత ఒకటి బయటికి నడిస్తే, దాన్ని రెండు వేళ్ళతో తీసి నాకిచ్చింది. "సముద్రంలో వదిలేసి రాపో" అంది.

తర్వాతి రోజులన్నీ పాచి చుట్టూనే. మా ఆయన సైకిలు మీద మంచినీళ్ళ బిందెలు తెచ్చేవాడు. సంధనమారి కడిగేది. నేను పరిచేదాన్ని. మా అత్త అరుగు మీద నుంచి చూసేది. మబ్బు కనపడితే అందరికంటే ముందు ఆమెకే కనపడేది, మంచం చెక్క మీద చెంచాతో కొట్టేది, మేము పరిగెత్తి ఎత్తేవాళ్ళం. ఒకసారి తడిసిన పాచిని కొంగులో మూటగడుతూ మా ఆయన, "అట్లా కాదు పిల్లా, కింద నుంచి ఎత్తు" అన్నాడు. ఎన్నో రోజుల తర్వాత సంధనమారితో అన్న మొదటి మాట అది. ఆ పిల్ల కింద నుంచి ఎత్తింది.

నలుపు పోయి ఊదా వచ్చింది. ఊదా పోయి పసుపు వస్తోంది. కానీ మా అత్త పాచి కంటే తొందరగా తెల్లబడుతోంది. పెదాల చర్మం పొట్టు లేచింది. వాన ముసురు పట్టింది. మైమూన్ వచ్చి పాచిని గోటితో గిల్లి చూసి, "ఇంకా కాలేదు, వాసన పోదు" అంది. మంచం వైపు చూసి, "అయినా చేసేయ్" అంది.

సగం పాచి తీసి అరుగు మీదే పొయ్యి పెట్టాను, ఆమె కళ్ళ ముందు. చాలాసేపు ఉడికింది. గుడ్డలో వడకట్టి, చక్కెర వేసి పళ్ళెంలో పోశాను. ఐసు లేదు, ఫ్లాస్కు లేదు. వాన చూస్తూ కూర్చున్నాం. అది తనంతట తనే గడ్డకట్టింది. పల్చటి టీ రంగు. ముక్క కోస్తే పడవ అడుగు వాసన.

నాకు ఏడుపు వచ్చింది, ఇది ఎట్లా తింటుందని. మా అత్త ముక్కును ముద్దకు దాదాపు ఆనించి వాసన చూసింది. ఆమె ముఖం మారింది. "ఇదీ పాచి" అంది.

సంధనమారి చెంచా పట్టుకుంది. మా అత్త నోరు తెరవబోయి ఆగింది. మా ఆయన మెల్లగా అడిగాడు, సముద్రంలోదే కదమ్మా, పర్వాలేదా అని. ఆమెకు అది ఎట్లా వినపడిందో తెలియదు.

"చేప తింటుందిరా. పాచి ఎవర్నీ తినదు" అంది.

జారింది. దగ్గు రాలేదు. ఇంకో చెంచా. ఇంకోటి. మూడో నాలుగో చెంచా తర్వాత ఆమె చేయి ఎత్తి ఆపమంది. పళ్ళెం వంక చూస్తూ ఉంది.

"ఇన్నేళ్ళు పీకానే. ఒక్కరూ చెప్పలేదు, తినేదని. కాళికి తీపంటే ప్రాణం. చిన్నప్పుడు బెల్లం దొంగిలించాడని కొట్టాను. తెలిసుంటే రోజూ చేసి పెట్టేదాన్ని."

అన్నేళ్ళలో ఆమె బావగారి గురించి అట్లా, పోయిన మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడటం అదే మొదటిసారి. మా ఆయన తల దించుకున్నాడు. వాన చూరు నుంచి కారుతూనే ఉంది.

ఆ పళ్ళెం ఉన్నన్ని రోజులూ తిన్నది, తృప్తిగా. కానీ ఒంట్లో అప్పటికే ఏమీ మిగల్లేదు. దీపావళికి పిల్లలు కాల్చే టపాకాయలు ఆమెకు వినపడలేదు, వెలుగు మాత్రం చూసింది. మైమూన్ వాళ్ళ పండగ కూడా దాటింది. ఒక తెల్లవారుజామున ముసురు విడిచి మంచి ఎండ కాసింది. పాచి పరుద్దామని లేచి చూస్తే, ఆమె పోయి ఉంది.

ఆ తర్వాత ఎండలే ఎండలు. మిగిలిన సగం పాచి ఆ వారంలోనే తెల్లబడింది, మల్లెపువ్వులా. కర్మ రోజున సంధనమారి దాన్ని ఉడికించి, పాలు పోసి, పాలరాయిలా గడ్డకట్టించింది. వాసన లేదు, మరక లేదు. రెండు ముక్కలు కోసి ఆకులో పెట్టింది. రెండెందుకని ఎవరూ అడగలేదు.

మా ఆయన నడుంలోతు నీళ్ళలో దిగి తల్లికి నీళ్ళు వదిలి మునిగాడు. బయటికి వస్తాడనుకున్నాం. అక్కడే నిలబడి మళ్ళీ దోసిలి పట్టాడు, మళ్ళీ మునిగాడు. పెదాలు కదిలాయి. ఏం పేరు చెప్పాడో గాలికి మాకు వినపడలేదు. తర్వాత ఆకును అల మీద పెట్టాడు. ముక్కలు నీళ్ళలో కరగలేదు. కాసేపటికి చిన్న చేపలు గుంపుగా వచ్చి పొడుచుకు తిన్నాయి. సంధనమారి తల తిప్పుకుంటుందేమో అనుకున్నాను. చివరిదాకా చూసింది.

ఆ సాయంత్రం మా ఆయన పారతో కంచె దగ్గరికి వెళ్ళాడు, ఇక చేపల పొయ్యి ఇంట్లోకి తెద్దామని. దాని ముందు కాసేపు కూర్చున్నాడు. పార గోడకు ఆనించి లోపలికి వచ్చేశాడు.

ఆయన కూడా పోయి చాలా ఏళ్ళయింది. మంచంలోనే, మా చేతుల్లోనే పోయాడు, మట్టి ఇచ్చాం. ఆ మాత్రం దక్కింది. సంధనమారి రామేశ్వరంలో కాపురం ఉంటోంది. బేకరీలో ఇప్పుడు పాచితో చేసిన ముద్దలు కూడా పెడతారట, అడిగినవాళ్ళకు ఏది దేనితో చేసిందో తనే చెబుతుందట. నేను చేప తింటాను. వండేది కంచె పక్కనే. వానొస్తే గొడుగు పట్టుకుంటాను.

నంబుతాయి
అరవై మూడేళ్ళు
చిన్నప్పాలం, పాంబన్